బెల్లం పాక మీద ఎర్ర చుక్క

నాతవరం దాటాక ఒక మలుపు దగ్గర మా షేర్ ఆటో ఆగింది. దిగేవాళ్లు ఎవరూ లేరు. రోడ్డు పక్కన కరెంటు స్తంభాన్ని ఆనుకుని ఒక మనిషి నిలబడి, ఒక చేత్తో సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి ఆటోకి అడ్డంగా చాపాడు. యాభై దాటిన వయసు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కంపెనీ కార్డు, కాళ్లకు మాత్రం చెరకు తోటల బురద.

"ఆడ్ని ఎక్కించకు బావూ," అంది నా ఎదుటి సీట్లో ఉన్న సింహాద్రమ్మ. నర్సీపట్నంలో కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతున్న మనిషి ఆమె. అంతవరకూ తన మోకాళ్ల గురించి నాకు విపులంగా చెబుతూ వచ్చింది.

"సీటు కాలీగుంటే దేవుడైనా దెయ్యమైనా నాకొకటే," అన్నాడు డ్రైవరు చిట్టిబాబు.

"నిన్న మా ఈదిలో ఇల్లిల్లూ పొటోలు తీసినాడు. దేనికంటే సెప్పడు."

"సెప్పేనమ్మా. ఇన్సూరెన్సు పని అని సెప్పేను," అన్నాడు ఆ మనిషి నా పక్కన సర్దుకుని కూర్చుంటూ. "నువ్వే ఇన్లేదు."

"ఇన్నాను. అంతకుముందు ఒకడొచ్చి పొలంలో రాయి పాతీసి ఎల్లినాడు. ఆడూ మన మంచికే అన్నాడు."

ఆమె గంపను కింద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, దాన్ని కూడా ఎక్కడ కొలుస్తాడో అన్నట్టు. ఆ తర్వాత ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. మాట ఆగిపోవడంలో రకాలున్నాయి. పెద్దమనిషి వస్తే ఆగే మాట వేరు, పోలీసు వస్తే ఆగే మాట వేరు. ఇది ఆ రెండూ కాదు. వచ్చినవాడు మనవాడే, కానీ ఎవరి తరఫున వచ్చాడో తెలియనప్పుడు ఆగే మాట. గొలుసు పట్టుకుని పొలాలు కొలిచే కాలంలో కూడా సర్వే మనిషి వచ్చాడంటే గొడ్లను లోపల కట్టేసేవాళ్లని పాత రోజుల సంగతులు రాసినవాళ్లు చెబుతారు. కొలత భూమితో ఆగదని మన రైతుకు ఎప్పటినుంచో తెలుసు. ఇప్పుడు గొలుసు పోయింది, కొలిచేవాడు నేల మీద నడవడం కూడా మానేశాడు. భూముల రీసర్వేకి డ్రోన్ ఎగిరినప్పుడు తలెత్తి చూసిన ఊళ్లు ఇంకా తల దించలేదు.

కాసేపటికి ఆ మనిషి నా వైపు తిరిగాడు.

"మేస్టారిది ఏ ఊరండీ?"

"ఫలానా ఊరని లేదు. తిరుగుతుంటాను."

"ఏ పని మీద?"

"పనేం లేదు. తాండవ రిజర్వాయరు వైపు పోదామని."

నా సంచిని, కళ్లద్దాలను, జేబులోని పెన్నును ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. "ఎవులైనా పంపినారా?"

"నన్నెవరు పంపుతారు బాబూ."

"పని నేకుండా, ఎవులూ పంపకుండా, ఈ ఎండలో ఇటెవులొత్తారు మేస్టారూ?"

నిజానికి ఈ ప్రశ్నకు నా దగ్గర ఎన్నేళ్లుగానో జవాబు లేదు. నా వాళ్లూ ఇదే అడిగేవారు. నవ్వి ఊరుకున్నాను. నవ్వడం పొరపాటైంది.

"నా పేరు జీవానందం. మీకు తెలిసే ఉంతాది," అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది?"

"ఉంతాదిలెండి." ఇక కిటికీ లేని ఆ ఆటో పక్క నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అతను దిగిన చోటే నేనూ దిగాను. ఎందుకంటే చెప్పలేను. రోడ్డు మీద ఒక మనిషి నన్ను అనుమానించాడంటే నాకు అతని మీద ఆసక్తి పుడుతుంది, అది నా జబ్బు. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్లకు ఇప్పటికే పైనుంచి చూసేవాళ్లతో సరిపోయింది, ఇక నా రాతలు కూడా ఎందుకు.

"ఇక్కడే దిగుతారని తెలుసు," అన్నాడు జీవానందం, చిట్టిబాబుకు నోటు అందిస్తూ. నా కిరాయి కూడా అతనే ఇచ్చేశాడు. వద్దంటే వినలేదు. నన్నెవరనుకుంటున్నాడో అప్పటికి కొంచెం అర్థమైంది. ఈయన పనిని చాటుగా తనిఖీ చేయడానికి కంపెనీ పంపిన మనిషినన్నమాట. కాదని చెప్పాను. తనిఖీకి వచ్చినవాడు అలాగే చెబుతాడు కదా అన్నట్టు తలూపాడు.

రోడ్డు నుంచి లోపలికి మట్టిబాట. అటూ ఇటూ జీడిమామిడి తోటలు, వాటి అవతల కోసేసిన చెరకు మడులు. మార్చి ఆఖరు, పిక్కలు రాలే కాలం. గాలిలో పులిసిన జీడిపండ్ల వాసన. ఆ బాట మీద నడుస్తూ తన పని గురించి, తన గురించి జీవానందం నాకు చెప్పినదంతా కబుర్లలా చెప్పలేదు. సంజాయిషీలా చెప్పాడు. నేను అడగనివాటికి కూడా జవాబులిచ్చాడు.

పని ఇది. షెడ్డుకో మిల్లుకో ఇంటికో ఇన్సూరెన్సు ఇచ్చే కంపెనీ ఎక్కడో నగరంలో ఉంటుంది. ప్రతి చోటికీ మనిషిని పంపి చూడడం వాళ్లకు కుదరదు. విమానం నుంచో ఇంకా పైనుంచో తీసిన బొమ్మలు వాళ్ల దగ్గరుంటాయి. బొమ్మలో కప్పు కనిపిస్తుంది, అది తాటాకో రేకో శ్లాబో తెలుస్తుంది. పక్కన గడ్డివాము ఉందా, వెనక కాలువ ఉందా, మంటలార్పే బండి వచ్చే దారి ఉందా, అన్నీ కనిపిస్తాయి. దాన్ని బట్టి ఈ ఆస్తికి ఎంత ముప్పో లెక్క కడతారు. అంతా బాగానే ఉంది కానీ అన్ని కప్పుల్లో ఎవరి కప్పు ఏదన్నది పైవాడికి తెలియదు. మన ఊళ్లలో అడ్రసు అంటే రామాలయం వెనకాల, రావి వాళ్ల దొడ్డి పక్కన. కాబట్టి ఒక మనిషి ఆ చోటికి వెళ్లి, నిలబడి, ఫోన్లో ఒక ఎర్ర చుక్క గుచ్చాలి. దాన్ని పిన్ అంటారు. ఆ చుక్క ఏ కప్పు మీద పడితే అదే మీ ఆస్తి. నాతవరం, కోటవురట్ల వైపు చాలా ఊళ్లకు ఆ చుక్కలు గుచ్చినవాడు జీవానందం.

"దేవుడికి తర్వాత మనల్ని పైనించి సూసేది ఈళ్లే మేస్టారూ," అన్నాడు. "దేవుడైతే ఏ ఇల్లు ఎవుల్దో అడగడు."

నర్సీపట్నంలో పాత మిషన్ కాంపౌండు దగ్గర పుట్టాడట. తండ్రి జాన్ ప్రసాద్ ఆస్పత్రిలో వార్డుబాయ్. కొడుకు కాంపౌండరు కావాలని ఆయన కోరిక. ఇంటర్లో లెక్కలు పోయాయి. అప్పుడే ఊళ్లోకి డిష్, అంటే కేబుల్ టీవీ, వచ్చింది, ఇతను వైరు చుట్ట భుజాన వేసుకుని నిచ్చెనతో తిరగడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఇతని చేతి మీదుగా బొమ్మ పడని టీవీ లేదని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే మొదటిసారి అతని ముఖం కొంచెం విప్పారింది.

"సీరియల్ టైముకి బొమ్మ పోయిందనుకోండి. నాను సైకిల్ దిగేసరికి ఈది ఈదంతా గుమ్మాల్లో ఉండేది. డిష్ జీవా ఒచ్చీసినాడు, డిష్ జీవా ఒచ్చీసినాడు అని. పెరట్లోకి ఎల్లు, మేడెక్కు, వంటింట్లోంచి లాగు, ఎవులూ ఏటీ అనీవోరు కాదు. కొత్త కోడళ్లు కూడా తలుపు తీసీవోరు. మజ్జిగ ఇవ్వకుండా పంపీవోరు కాదు." కాసేపు నడిచాడు. "ఇప్పుడు అదే గుమ్మం కాడికెల్తే తలుపు ఏసీస్తన్నారు. మనిషిని మారలేదు కదా మేస్టారూ, నానే కదా."

"అప్పుడు బొమ్మ వాళ్ల ఇంట్లోకి తెచ్చేవాడివి. ఇప్పుడు వాళ్ల ఇంటి బొమ్మ బయటికి పోతోంది," అన్నాను.

వెంటనే నా వైపు అనుమానంగా చూశాడు. "అది కంపెనీ మాటా, మీ మాటా?"

ఫోన్లలోనే అన్నీ వచ్చేశాక డిష్ పని పోయింది. భార్య శాలిని కుట్టుమిషన్ మీద కొన్నాళ్లు సంసారం నడిచింది. సెల్ టవరు దగ్గర కాపలా ఉన్నాడు, రొయ్యల మేత లారీలకు లెక్క రాశాడు, ఏదీ నిలవలేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు, ఈ ఊళ్లన్నీ తెలిసిన మనిషి కావాలని అడిగితే ఎవరో ఇతని పేరు చెప్పారు. ఇప్పుడు ఈ పని కూడా పోతే ఏం చేయాలో తెలియదన్నాడు. అది కూడా నాకు, అంటే కంపెనీకి, విన్నపంలాగే చెప్పాడు.

"మరి ఇవాళ ఇక్కడికి ఏం పని మీద?"

"మీకు తెల్దా?"

"తెలియదు."

నిట్టూర్చాడు. "వరలక్ష్మమ్మ పిక్కల షెడ్డు."

వరలక్ష్మమ్మ ఆ ఊళ్లో జీడిపిక్కలు కొని, ఉడికించి, కొట్టించి, పప్పు చేసి అమ్మే మనిషి. భర్త పోయాక షెడ్డు ఆమే నడుపుతోంది. ఊళ్లో చాలామంది ఆడవాళ్లు అక్కడ కూర్చుని పిక్కలు కొడతారు. ఏటా ఈ రోజుల్లో బ్యాంకు ఆమెకు పిక్కలు కొనడానికి అప్పిస్తుంది. షెడ్డుకు ఇన్సూరెన్సు కాయితం చూపిస్తేనే అప్పు. ఈ ఏడు మొదటిసారి పైబొమ్మ చూసి కంపెనీ కుదరదు పొమ్మంది. ముప్పు ఎక్కువట. తాటాకు కప్పట, లోపల పెద్ద పొయ్యి అట, చుట్టూ ఎండు చెత్త గుట్టలట. తోటల్లో పిక్కలు రాలుతున్నాయి, బయటి వ్యాపారులు లారీలతో దిగారు. ఇంకొన్నాళ్లు ఆగితే ఆమెకు కొనడానికి పిక్క ఉండదు, షెడ్డు ఈ ఏడాదికి మూతే. ఆమె గోల పెడితే, మళ్లీ వెళ్లి చూసి రమ్మని కాంట్రాక్టరు జీవానందాన్ని పంపాడు.

"నిజంగా తాటాకు కప్పేనా?"

"సిమెంటు రేకులు మేస్టారూ. నాకు తెల్దా? ఆ రేకుల మీద నడిసి వైరు లాగినోణ్ని." గొంతు తగ్గించాడు. "ఇందులో ఏదో ఉంది. పైబొమ్మ తప్పైనా అవాలి, నేదా ఎవులో నా పిన్ను జరిపీసైనా ఉండాలి. కాంట్రాక్టరుకి ఇంకో కుర్రోణ్ని ఎట్టుకోవాలనుంది. నా పని తప్పని సూపిత్తే సులువు కదా."

అతని అనుమానం ఒక్కొక్కరి మీదుగా తిరిగి చివరికి నా మీద ఆగింది. నేను సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

షెడ్డు ముందు సిమెంటు కళ్లం. ఎప్పుడూ పిక్కలు ఆరబోసి ఉండాల్సిన చోటు, ఇప్పుడు ఊడ్చి ఖాళీగా ఉంది. ఒక మూల ఎవరివో చీరలు ఆరుతున్నాయి. షెడ్డు గోడలు ఇటుకవి, కప్పు బూడిదరంగు సిమెంటు రేకులు. దానికి ఎదురుగా, బాటకు అవతల, పొగకు నల్లబడ్డ తాటాకు పాక ఒకటుంది. దాని చుట్టూ చెరకు పిప్పి నడుమెత్తు పోగులు. లోపల బెల్లం వండే పెనం బోర్లించి ఉంది. అది సోమన్న పాక అని తర్వాత తెలిసింది. సోమన్నే అక్కడ గుమ్మం ముందు తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు, ఎవరి కోసమో కాచుకున్నట్టు.

వరలక్ష్మమ్మ మా కోసం ఎదురుచూస్తోంది. అరవై దగ్గర పడ్డ మనిషి, పొడుగరి. చేతుల మీద పిక్క తొక్కలోని జీడి రసం అంటి మాడిన మచ్చలు, అవి ఆ పని చేసేవాళ్లకు ఉండేవే. ఆమె చేతిలో ఫోను ఉంది.

"రా తమ్ముడూ. నీకోసమే," అంది. తమ్ముడూ అన్న మాటలో తడి లేదు. "ఈ పెద్దాయనెవులు?"

"నన్ను సూడ్డానికొచ్చినారు," అన్నాడు జీవానందం.

"కంపెనీ ఆయనా? మరీ మంచిది. ఆయన ముందే అడుగుతాను." ఫోను మా ముందు పెట్టింది. ఇన్సూరెన్సు ఏజెంటు పంపిన బొమ్మ అది. పైనుంచి తీసిన ఊరు. నేల మీదే దారి గుర్తు పట్టడం రాని నాకు కూడా, కాసేపు చూస్తే బాట, కళ్లం, బూడిదరంగు రేకుల కప్పు తెలిశాయి. ఎర్ర చుక్క మాత్రం వాటి మీద లేదు. బాటకు అవతల గోధుమరంగు తాటాకు కప్పు మీద, సరిగ్గా నడినెత్తిన, ఉంది. పక్కన ఆమె పేరు.

"సూసినారా బాబుగారూ? ఇది నా సెడ్డు కాదు, సోమన్న పాక. నాను ఇన్నేళ్లుగా డబ్బులు కడితే, ఆ ఇన్సూరెన్సు ఆడి పాకకా? రేపు ఆడి పాక కాలితే ఆడికొత్తాదేటి నా డబ్బు?"

"నా పాక కాలాలని దండం ఎడతన్నావేటి అప్పా," అన్నాడు సోమన్న అక్కడి నుంచే. లేచి తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. నవ్వుతున్నాడు కానీ కళ్లు నవ్వడం లేదు. "నాకొచ్చేది ఏటీ నేదు. నాకు వొణుకొత్తంది. నా పాక మీద నీ పేరెందుకుందో ముందు సెప్పమను. ఇయాల బొమ్మలో నీ పేరు, రేపు కాయితంలో నీ పేరు, ఎల్లుండి నన్ను లెగమంటారు. రీసర్వేలో మా బావమరిది పొలం సెక్క అలాగే పోయింది."

"నీ పాక నాకెందుకురా? పెనం కడుక్కోడానికా?"

"బాట కోసం. బాటనించి నీ లారీ తిరగాలంటే నా పాక అడ్డం."

"అమ్మా, అదీ సంగతి. ఆడే ఏదో సేసినాడు," అని ఆమె నా వైపు తిరిగింది. "ఈ జీవా ఆడి దగ్గర ఏటి తిన్నాడో అడగండి బాబుగారూ. బెల్లమా, రూపాయలా?"

"నాను తినడమేటి," అన్నాడు జీవానందం. ముఖం ఎర్రబడింది. "నాను ఈ ఊరొచ్చి, ఇక్కడే నిలబడి, సరిగ్గా ఎట్టినాను. ఎవులో జరిపినారు. ఆ బొమ్మనే అడగండి."

"బొమ్మనేటి అడుగుతాను. బొమ్మకి నోరుందా?"

"అయితే మీ కళ్లముందే ఎడతాను. అందరూ సూడండి. ఎక్కడ పడతాదో."

ఫోను జేబులోంచి తీశాడు. తర్వాత జరిగింది చెప్పడానికి మాటలు ఎక్కువ అక్కర్లేదు, అంత చిన్న సంగతి. అతను షెడ్డు వైపు చూడలేదు. ఫోను తెరుస్తూ, తల వంచుకునే, బాట దాటి అవతలికి నడిచాడు. సోమన్న పాక చూరుకు ఆనుకున్నట్టే ఒక కరెంటు స్తంభం ఉంది. దాని దగ్గరికి వెళ్లి, ముందు చేతి వెనక భాగంతో ఒకసారి తట్టాడు. స్తంభానికి కరెంటు దిగిందేమో చూసుకోవడానికి లైన్‌మన్లు, డిష్ వాళ్లు అలా తడతారు. అరచేత్తో ముట్టుకుంటే చెయ్యి పట్టేస్తుంది, వెనక భాగంతో అయితే విదిలించుకోవచ్చు. తట్టి, దానికి వీపు ఆనించి, ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"తమ్ముడూ," అంది వరలక్ష్మమ్మ. "నా గుమ్మం ఇక్కడుంటే నువ్వు స్తంభం కాడ నిలబడ్డావేటి?"

జీవానందం ఫోనులోంచి తలెత్తలేదు. "నీ కనెక్సను ఈ స్తంభానిదే కదప్పా," అన్నాడు, అది లోకమంతటికీ తెలిసిన విషయమన్నట్టు. ఆమె పిక్కలు కొట్టే ఆడవాళ్ల కోసం షెడ్డులో టీవీ పెట్టించినప్పుడు ఆ స్తంభం నుంచే అతను వైరు లాగాడు. ఆ వైరు ముక్క ఇంకా పైన వేలాడుతోంది. ఆ మాట అన్నాకగానీ అతనికి తన మాట వినబడినట్టు లేదు. తలెత్తాడు. స్తంభం వైపు చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు.

సోమన్న ముందు నవ్వాడు. తర్వాత ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ డిష్ తగలెయ్యా. ఇంకా కనెక్సన్లే ఇత్తన్నావేట్రా?"

నాకు నవ్వు రాలేదు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఇల్లంటే గుమ్మం. పోస్టుమానుకు ఇల్లంటే అరుగు. కొండల మీద మేకలు కాసేవాళ్లతో ఒకసారి తిరిగాను, వాళ్లకు ఇల్లంటే కుక్క మొరిగే చోటు. ఈ మనిషికి వయసంతా ఇల్లంటే స్తంభం. ఏ స్తంభం నుంచి ఎవరికి వైరు పోయిందో అదే అతని తలలోని ఊరి పటం. ఎక్కడికి వెళ్లినా అతని కాళ్లు తిన్నగా అక్కడికే తీసుకుపోయాయి. నన్నూ, కాంట్రాక్టరునూ, సోమన్ననూ, ఆకాశాన్నీ అనుమానించాడు కానీ తన కాళ్లను అనుమానించాలని అతనికి తోచలేదు. ఎవరికి తోస్తుంది.

"అయితే అందరివీ అలాగేనా?" అని అడిగింది వరలక్ష్మమ్మ. ఆమె తెలివైన మనిషి.

అతను బాట దాటి ఇవతలికి వచ్చి, ఆమె షెడ్డు గుమ్మం ముందు, గడప ఎదురుగా నిలబడ్డాడు. ఫోను ఎత్తాడు. ఎర్ర చుక్క కాసేపు అటూ ఇటూ ఊగి బూడిదరంగు కప్పు మీద కూర్చుంది. అతను నొక్కగానే ఫోను ఏదో అడిగింది. అతను అక్కడే ఆగిపోయాడు.

"ఏటి రాసుంది? బాబుగారూ, మీరు సదవండి," అంది ఆమె.

ఇంగ్లీషులో మూడు వరసలు. పాత చుక్క ఎందుకు మార్చవలసి వచ్చిందో కారణం ఎంచుకోమంటోంది. నేను తెలుగులో చదివాను. మొదటిది, యజమాని తప్పు చోటు చూపించారు. రెండోది, బొమ్మ పాతబడింది. మూడోది, చుక్క పెట్టిన మనిషి పొరపాటు.

"ఏది నొక్కితే ఏటవుద్ది?"

జీవానందం మెల్లగా చెప్పాడు. మొదటిది నొక్కితే ఆమె మాట మీద కంపెనీకి అనుమానం వస్తుంది, మనుషులొచ్చి ఆరా తీస్తారు, ఈ కాలం దాటిపోతుంది. రెండోది నొక్కితే కొత్త బొమ్మ తీసేదాకా ఆగాలి, అది ఎప్పుడో వాళ్లకే తెలియదు. మూడోది నొక్కితే కాయితం ఇవాళో రేపో కదులుతుంది.

"మరి మూడోదే నొక్కు," అన్నాడు సోమన్న.

"నొక్కితే నాను ఎట్టినవన్నీ ఆపీసి మళ్లీ సూత్తారు," అన్నాడు జీవానందం. ఆ తర్వాత అతని పని ఉండదని వేరే చెప్పనవసరం లేదు. ఎన్ని ఊళ్లలో ఎన్ని చుక్కలు స్తంభాల నెత్తిన, పక్కవాళ్ల కప్పుల మీద, రెండిళ్లకు కలిపి ఒకే చోట కూర్చుని ఉన్నాయో అక్కడున్న అందరికీ అర్థమైంది. వాటిలో ఏ ఇల్లు కాలినా, ఏ తుపానుకు ఏ కప్పు లేచిపోయినా, కంపెనీ వేరే కప్పును చూసి అది బాగానే ఉంది కదా అంటుంది.

"నాను తప్పు సోటు సూపించినానని రాత్తే మాత్రం ఊరుకోను తమ్ముడూ," అంది వరలక్ష్మమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు ఎన్నిసార్లొచ్చినా నా ఇంట్లో అన్నం తిన్నావు."

అతని బొటనవేలు మొదటి వరస మీద ఆగింది. నేను చూశాను, కాదనలేను. చాలాసేపు అక్కడే ఉంది. ఆ వేలి గోరు నల్లగా పగిలి ఉంది. అప్పుడు అతను తలెత్తి నా వైపు చూశాడు. ఆమెను కాదు, సోమన్నను కాదు, నన్ను.

"మీకు ఇదేనా కావాలి మేస్టారూ?"

"నాకేం అక్కర్లేదు బాబూ. నేను కంపెనీ మనిషిని కాదని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాను."

నమ్మలేదు. వేలు కిందికి జారి మూడో వరస మీద నొక్కింది. ఫోను చిన్న చప్పుడు చేసింది. అతను తెరను వరలక్ష్మమ్మ వైపు తిప్పి చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి, ఎర్ర చుక్క తన కప్పు మీద ఉందని తేల్చుకుని, ఇంకోసారి చూసి, అప్పుడు తలూపింది.

నేను అక్కడ లేకపోతే ఏ వరస నొక్కేవాడు? ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు తెలియదు. ఆమె అన్నం గుర్తొచ్చి నొక్కాడో, ఎలాగూ పట్టుబడ్డానని నొక్కాడో. తనను చూస్తున్నారనుకున్న మనిషి చేసిన మంచిని ఎంతవరకూ మంచి అనవచ్చో పెద్ద పెద్ద గ్రంథాలు తేల్చలేదు, ఒక షెడ్డు ముందు నేనేం తేలుస్తాను. వరలక్ష్మమ్మకు ఆ బాధ లేదు. ఆమె అప్పుడే లోపలికి తొంగి ఎవరినో కేకేసి, పిక్కల గోనెలు దులపమని చెబుతోంది.

"మజ్జిగ తాగి ఎల్లు తమ్ముడూ," అంది వెనక్కి తిరిగి. ఈసారి ఆ మాటలో కాస్త తడి ఉంది.

జీవానందం అప్పటికే కళ్లం దిగాడు. ఫోను జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే ఉంది. బాట వెంబడి స్తంభాలు ఊళ్లోకి వరసగా పోతున్నాయి. వాటి పక్కగా నడిచాడు.

"ఎక్కడికెల్తన్నాడు?" అంది ఆమె.

"ఆ సుక్కలన్నీ మళ్లీ ఎడతాడు కావాల," అన్నాడు సోమన్న, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ.

మొదటి ఇంటి దగ్గర స్తంభం వచ్చింది. దాని ముందు ఒక్క క్షణం తడబడ్డట్టు ఆగి, దాన్ని దాటి, ఆ ఇంటి గుమ్మానికి ఎదురుగా వెళ్లి నిలబడి ఫోను ఎత్తాడు. లోపలి నుంచి ఒక ఆడమనిషి వచ్చి, అతన్ని పైనుంచి కిందికి చూసి, తలుపు వేసుకుంది. అతను ఫోనులో చుక్క మార్చి, తర్వాతి ఇంటి వైపు కదిలాడు. జీవానందం అని పిలిచాను. వినబడేంత దగ్గరలోనే ఉన్నాడు. తిరగలేదు. మలుపులో ఇళ్ల వెనకకు పోయాడు.